పాత చోట తడిగుడ్డ

పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని చేస్తాను. ఇన్నేళ్ళ సర్వీసులో మా వాళ్ళు చూశామన్న దయ్యాలన్నిటినీ పట్టుకున్నది నేనే. ప్యాకింగ్ హాల్లో తనంతట తాను వెలిగే లైటు, ఎవరూ ముట్టకుండానే తిరిగే కన్వేయర్, బాయిలర్ వెనక ఏడుపు. మొదటిది లూజ్ కనెక్షన్. రెండోది స్విచ్‌లో చేరిన తేమ. మూడోది పిల్లి.

దయ్యం అని ఎవరైనా వస్తే చేతిలో టెస్టర్ పెట్టి, ముందు ఇది పెట్టి చూడు, కొబ్బరికాయ తర్వాత కొడుదువు అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. ఈ కింద రాసింది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. వేరేవాళ్ళు రాస్తే నేనూ నవ్వేవాణ్ణే.

మా అక్క భర్త పేరు యాదగిరి. రుద్రారం అవతల చిన్న ఊళ్ళో వాళ్ళకు చేను ఉంది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకన్నది వేరే కథ, అందులో దయ్యాలు లేవు. ఇంద్రేశంలో ఒక మేడమీద గదిలో కిరాయికి ఉంటాను. చుట్టూ కొత్త లేఅవుట్లు, కొత్త ఇళ్ళు, కొత్త మనుషులు. మూడేళ్ళయినా ఎదురింటివాళ్ళ పేరు నాకు తెలియదు, నా పేరు వాళ్ళకూ తెలియదు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి అక్క వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. బావా నేనూ ఆయన జీపులో చేనుకు పోయి, మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగొచ్చేవాళ్ళం. వారం మొత్తంలో నేను మనిషిలా మాట్లాడేది ఆ ఒక్కపూట.

ఆ జీపు పాత పెట్రోల్ బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి వానాకాలం నల్లరేగడి బురదలో కూడా ఆగేది కాదు. ఎండాకాలం మాత్రం ఆగేది.

కారణం చిన్నదే. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించడానికి అరచేతిలో పట్టేంత ఎలక్ట్రానిక్ డబ్బా ఒకటి ఉంటుంది, ఇగ్నైటర్ అంటారు. ఆ బండిలో దాన్ని ఇంజను పక్కనే, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు ఆనించి బిగించారు. ఇంజను వేడంతా దానికే. కాగిందంటే పని మానేస్తుంది, బండి ఆగిపోతుంది. చల్లారిందంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిచేస్తుంది.

అది ఆగే చోటు కూడా దాదాపు ఒకటే. చేను నుంచి బండ్లబాటలో చిన్న గేర్లలో గుంజుకుంటూ వచ్చి, కొత్త లేఅవుట్ ప్రహరీగోడ దగ్గరికి చేరేసరికి దానికి కాక ఎక్కేది. అక్కడ గోడ పక్కన ఒక తుమ్మచెట్టు ఉంది. నీడ అంటే నీడ, అంతే.

బండి ఆగగానే బావ దిగేవాడు. భుజం మీది తువ్వాల తీసి, క్యాన్‌లో నీళ్ళతో తడిపి, గట్టిగా పిండేవాడు. పిండకుండా వేస్తే నీళ్ళు డిస్ట్రిబ్యూటర్ మూతలోకి దిగి బండి మరీ మొండికేస్తుంది. అందుకే ఆ పిండడంలో ఆయనకు మహా పట్టింపు. తర్వాత నాలుగు మడతలు పెట్టి ఇగ్నైటర్ మీద వేసి, గాలికి ఎగిరిపోకుండా ఒక కొస ప్లగ్గు వైరు కింద దోపేవాడు. ఆ దోపడం నేను మరెవరి దగ్గరా చూడలేదు.

ఇక అరగంట మేమిద్దరం ఆ చెట్టు కింద. ఆయన బీడీ ముట్టించేవాడు, నేను తిట్టేవాణ్ణి. "బామ్మర్ది బతుకగోరుతడంటరు, నువ్వేమో నా బీడీల మీద వడ్డవు" అని నవ్వేవాడు. బతకమనే కదా తిడుతున్నది అంటే వినిపించుకునేవాడు కాదు. నాకు బీపీ ఉందని డాక్టరు చెబితే మొదట చెప్పింది ఆయనకే, అక్కడే. అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదని, అది నన్ను ఇంకా తొలుస్తోందని చెప్పింది కూడా అక్కడే. ఆ రోజు ఆయన గుడ్డ రెండోసారి తడిపి వేశాడు, బండి చల్లారిపోయినా.

ఎలక్ట్రీషియన్ కళ్ళముందే ఒక బండి వారం వారం అలా ఆగడం నాకు నామోషీగా ఉండేది. దానికి మందు నాకు తెలుసు. ఇగ్నైటర్‌ను ఇంజనుకు దూరంగా, గాలి తగిలే మడ్‌గార్డు వైపుకి మార్చి, అల్యూమినియం పలక మీద బిగించి, వైర్లు పొడిగిస్తే చాలు. ఒక పూట పని. పలక కూడా కొని పెట్టుకున్నాను. బావే ఒప్పుకోలేదు.

"అది ఆగుతున్నదనే గద మనం గూసుంటున్నం. ఆగకపోతే ఇంటికి వోయి నువ్వు ఫోన్ జూస్తవు, నేను పండుకుంట. ఇగ ముచ్చట ఏడ వెట్టుకుంటం?" అనేవాడు.

చివరి ఆదివారం మాత్రం నేను పట్టుబట్టాను. ఎండ మండిపోతోంది, ఆయనకు ఆయాసంగా ఉంది. వచ్చే వారం నువ్వు వద్దన్నా మారుస్తానన్నాను. ఆయన బీడీ నేలకు రాసి ఆర్పి, "సరే తియ్. మార్చినంక ఏడ వెట్టినవో నాకు జూపియ్యి మరి. లేకుంటే గుడ్డ ఏడ వెయ్యాలె?" అన్నాడు.

"మార్చినంక గుడ్డతోని పనేంది బావా?"

"నీ పని మీద నాకు నమ్మకం లేదులే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ గురువారం పొద్దున పశువుల కొట్టం దగ్గర పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. మా ఫ్యాక్టరీలో ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. షిఫ్టు దిగి లాకరు తెరిచేసరికి అక్క చేసిన ఫోన్లు వరసగా ఉన్నాయి. ఆ లాకరు తలుపు చప్పుడు నాకు ఈ రోజుకీ పడదు.

కర్మకాండలన్నీ అయ్యాక అక్క జీపు తాళం నా చేతిలో పెట్టింది. చేను చూసే దిక్కు లేదు, నువ్వే పోయి రా తమ్మీ అంది. అలా ఆదివారాలు ఒక్కణ్ణే పోయి రావడం మొదలైంది. బండి ఎప్పటిలాగే గోడ దగ్గర ఆగేది. నేనే గుడ్డ తడిపి వేసి, నేనే చెట్టు కింద కూర్చునేవాణ్ణి. పక్కన ఎవరూ లేకుండా ఆ అరగంట గడవడం ఎంత కష్టమో చెప్పలేను. మూడోవారం చెట్టు కిందికి పోకుండా ఎండలోనే నిలబడ్డాను.

ఇక తట్టుకోలేక నాలుగో ఆదివారం అక్క వాళ్ళ వాకిట్లోనే పని పెట్టుకున్నాను. ఇగ్నైటర్ విప్పి, మడ్‌గార్డు మీద పెయింటు గీకి, పలక బిగించి, ఎర్త్ వైరు ప్రత్యేకంగా వేశాను. పాత చోట రెండు బోల్టు రంధ్రాలు మాత్రం మిగిలాయి. బండి ఆ రోజు ఆగలేదు. ఆ తర్వాత రెండు వారాలూ ఆగలేదు. గోడ, చెట్టు పక్కనుంచి దాటిపోతుంటే నేను అటు చూడలేదు.

ఆ పై ఆదివారం జరిగింది ఇది. మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పొద్దున బయలుదేరే ముందు బానెట్ ఎత్తి ఆయిల్ చూశాను. లోపల ఏ గుడ్డా లేదు. చేను దగ్గర బండి నా కళ్ళెదుటే ఉంది. కాలువ గట్టు మీద కూర్చుని సద్ది తిన్నంతసేపూ దాని వైపే చూస్తున్నాను. మరో మనిషి ఆ దరిదాపుల్లో లేడు. తిరుగు దారిలో ఎక్కడా ఆపలేదు.

సరిగ్గా గోడ దగ్గరికి వచ్చేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నా పనినే తిట్టుకున్నాను. ఎర్త్ వదులై ఉంటుందనుకుంటూ దిగాను. బానెట్‌కు రెండు వైపులా ఉండే క్లిప్పులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. అవి తీసి ఎత్తాను.

డిస్ట్రిబ్యూటర్ పక్కన, ఇగ్నైటర్ ఇదివరకు ఉన్న చోట, ఆ రెండు ఖాళీ రంధ్రాల మీద తడి తువ్వాల ఉంది. నాలుగు మడతలు. ఒక కొస ప్లగ్గు వైరు కింద దోపి ఉంది.

నేను ముట్టుకున్నాను. చల్లగా ఉంది. అంత వేడి ఇంజను మీద తడిగుడ్డ నిమిషాల్లో ఎండిపోతుంది, పొగలు కక్కుతుంది. ఇది అప్పుడే క్యాన్‌లోంచి తీసినట్టుంది. నీళ్ళు కారి డిస్ట్రిబ్యూటర్ మూతలోకి దిగాయి, బండి ఆగింది అందుకే. గుడ్డను పిండారు గాని గట్టిగా పిండలేదు, చేతుల్లో బలం చాలనట్టు.

కొత్త చోట ఇగ్నైటర్ మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా, బాగానే ఉంది. చొక్కా కొసతో మూత తుడిచి తాళం తిప్పితే బండి వెంటనే అందుకుంది. నేను మాత్రం మళ్ళీ కిందికి దిగాను. భయమని చెప్పలేను. బాటకు అటూ ఇటూ చూశాను, ఎవరైనా కనిపిస్తే బాగుండునని.

తువ్వాల తీసుకొచ్చి అక్కకు చూపించాను. పొద్దున నువ్వేమైనా వేశావా అని అడిగాను. జన్మలో బానెట్ ఎత్తి ఎరగనంది. బావదేనా అంటే అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లది, నీలం అంచు.

"ఆయనదే అని చెప్పలేను తమ్మీ. ఇసొంటియి బజార్ల ఎన్నో దొరుకుతయి."

అక్క అబద్ధం చెప్పదు. నేనూ దాన్ని బావదని ఇక్కడ రాయడం లేదు. అలవాటు కొద్దీ నేనే వేసి మరిచిపోయానా అని కూడా ఆలోచించాను. నేను తువ్వాల వాడను, నా దగ్గర ఉండేది చిన్న జేబు దస్తీ. ఆ రోజు బండిలో నీళ్ళ క్యాన్ కూడా లేదు. అవసరం లేదని మానేశాను.

అక్క గుడ్డ మడతల మీద వేలు పెట్టి నాలుగూ లెక్కపెట్టింది. తర్వాత అడిగింది, "నువ్వు అది వేరే తాన వెట్టిన సంగతి ఆయనకు జెప్పినవా?"

చెప్పలేదు. చూపించమని ఆయన అడిగితే నవ్వేసిన మాట, నేను మరిచేపోయాను.

తర్వాతి ఆదివారం గోడ దగ్గర నేనే బండి ఆపాను. చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను. సిగ్గనిపించింది. బానెట్ ఎత్తి, మడ్‌గార్డు వైపు వేలు పెట్టి గట్టిగానే అన్నాను.

"బావా, ఇగో, ఈడికి మార్చిన. ఇగ ఆగదు. నువ్వు పరేషాన్ గాకు."

ఆకు కదల్లేదు. ఏ చప్పుడూ కాలేదు. బానెట్ వేసి వచ్చేశాను. పని సవ్యంగా ముగించినట్టు, మనసు తేలికైనట్టు కూడా అనిపించింది.

ఆ తర్వాత గుడ్డ మళ్ళీ కనిపించలేదు. ఆ ఎండాకాలమంతా లేదు, వానాకాలం లేదు, మరుసటి మే నెల కూడా లేదు. బండి ఒక్కసారి ఆగలేదు. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి చూసేవాణ్ణి. పొడిగా, శుభ్రంగా, నేను బిగించింది బిగించినట్టే ఉండేది. పరేషాన్ గాకు అని నేనే చెప్పి పంపించేశాను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో మరొకటి అనలేదు.

ఆ గుడ్డ ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎన్ని రకాలుగా చూసినా నాకు దొరకని లూజ్ కనెక్షన్ అదొక్కటే. మా ఫ్యాక్టరీలో ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏదో చూశామంటే టెస్టర్ ఇస్తున్నాను గాని, ముందు వాళ్ళు చెప్పేదంతా వింటున్నాను.

పోయిన నెల, ఎండలు మళ్ళీ ముదరగానే, ఇంకో పని చేశాను. తెలిసి తెలిసి చేసిన తప్పు పని. ఇగ్నైటర్‌ను మడ్‌గార్డు మీంచి విప్పి, తీసుకెళ్ళి ఇంజను పక్కన పాత చోటే బిగించాను. అక్క వాకిట్లో నిలబడి చూసింది. లోపలికి పోయి క్యాన్ నిండా నీళ్ళు తెచ్చి బండిలో పెట్టింది.

ఇప్పుడు బండి మళ్ళీ గోడ దగ్గర ఆగుతోంది. గుడ్డ నేనే తడుపుతున్నాను, నేనే పిండుతున్నాను, ఆ అరగంట చెట్టు కిందే కూర్చుంటున్నాను. కానీ బండి ఆగిన వెంటనే దిగను. ఐదు నిమిషాలు అలాగే స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, అప్పుడు వెళ్ళి బానెట్ ఎత్తుతాను.