గోత్రం మారని ఫ్యాక్టరీ

మాగిన మామిడిపండు వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది. నేను ముక్కు మూసుకుంటాను. బంగారుపాళ్యం దగ్గర రోడ్డు పక్కన మా ఇల్లు, ఇంటి వెనక బావి, బావికి ఎగువన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. ఎండాకాలం వచ్చిందంటే కాయల లారీలు బారులు తీరేవి. గుజ్జేమో డబ్బాల్లోకెక్కి మద్రాసుకు పోయేది. తొక్కలూ టెంకలూ కడిగిన నీళ్ళు మాత్రం ఒక మోరీలో పడి సరాసరి మా చేలోకి వచ్చేవి. అక్కడే కుళ్ళి, పులిసి, భూమిలోకి దిగి బావిలో చేరేవి. చేద పైకి లాగితే పుల్లటి కంపు ముక్కు బద్దలు కొట్టేది.

ఆ చుట్టుపక్కల అన్నీ ఉప్పునీళ్ళ బావులే. మాది ఒక్కటే తియ్యటిది. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ముందు చెంబుతో నీళ్ళిచ్చేది, ఆ తర్వాతే పలకరింపులు. దారిన పోయే పాలవాడికీ అంతే, పెళ్ళివారికీ అంతే. అలాంటి మనిషి బావి చుట్టూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరగాల్సి వచ్చింది.

ఎనభైల మొదట్లో నాయన చిత్తూరు కోర్టులో దావా వేశాడు. కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి తీర్పు మావైపే వచ్చింది. ఫ్యాక్టరీ ఆ మోరీ మూసేయాలి, తన మురుగుకు తన స్థలంలోనే గుంత తవ్వుకోవాలి. నేనప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి బి.ఏ. చదువుతున్నాను. ఉత్తరం అందగానే తిరుచానూరు పోయి అమ్మవారికి టెంకాయ కొట్టి వచ్చాను. ఎంత తొందరపడ్డానో తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ వేసవి కాయలు దిగేలోపే ఫ్యాక్టరీ బోర్డు మారింది. కొత్త పేరు, కొత్త రంగు, కొత్త యజమాని. యజమాని అంటే ఎవరో కాదు, పాత యజమాని బావమరిది, అతని భార్యకు సొంత తమ్ముడు. మోరీ మాత్రం పాతదే, ఎప్పటిలాగే పారుతూనే ఉంది. తీర్పు అమలు చేయించమని నాయన మళ్ళీ అర్జీ పెడితే, ఉత్తర్వులు అమలు జరిపే కోర్టు ఉద్యోగి, అమీనా, ఆ కాగితం పట్టుకుని సైకిలు మీద వచ్చాడు. నాయనా, వేసవి సెలవులకు వచ్చిన నేనూ ఆయన వెంటే ఫ్యాక్టరీకి పోయాం.

"ఆ కంపెనీతో మాకేం పనప్పా? మేము కొత్తగా కొన్నాము. తీర్పు ఎవురి మీద ఉండాదో వాళ్ళ కాడికే పో," అన్నాడు బావమరిది.

"వాళ్ళు యాడుండారు?" అడిగాడు అమీనా.

"మాకేం తెలుసు?"

ఆ మాట అంటున్నవాడికి రెండు బారల దూరంలో, ఎప్పుడూ కూర్చునే పేము కుర్చీలోనే పాత యజమాని కూర్చుని పేపరుతో విసురుకుంటున్నాడు. అమీనా ఆయన వంక చూశాడు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు పేపరు తిప్పి అటువైపు విసురుకున్నాడు. అలా పచ్చిగా, మొహం మీదే అబద్ధం చెప్పి ఏమీ ఎరగనట్టు కూర్చోవడం నేను అంతవరకు చూడలేదు. ఆ పేపరు లాక్కుని చించేయాలనిపించింది.

తిరిగి వస్తూ అమీనా మా అరుగు మీద కూలబడి, చెమట తుడుచుకుంటూ కాసిని నీళ్ళడిగాడు. అమ్మ లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే ఖాళీ కుండ ముందు నిలబడి ఉంది. ఆవేళ పక్క ఊరి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు అయిపోయాయి. ఆయనకు సంగతి అర్థమై, "పర్లేదమ్మా, ఊళ్ళో తాగుతాలే," అని సైకిలెక్కాడు. "అడిగినోడికి గుక్కెడు నీళ్ళియ్యలేని ఇల్లయిపాయ గదా మనది!" అని అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

మా ప్లీడరుగారిది ఒకటే మాట. తీర్పు పాత కంపెనీ మీద ఉంది, అమ్మకం దస్తావేజు పక్కాగా ఉంది, అసలు మనిషి పాత యజమానే అని రుజువు చేయాలి.

"రోజూ ఆయప్పే తాళం తీస్తాండాడు సామీ. ఊరంతా సూస్తానే ఉండాది," అన్నాడు నాయన.

"అది పనివాడు కూడా తీస్తాడు కదయ్యా," అన్నారు ప్లీడరుగారు.

ఒక డబ్బా పెయింటు, ఒక బ్రష్షు ఉంటే చాలు, చేసిన పాపం నుంచి చేతులు దులుపుకోవచ్చన్నమాట! పుస్తకాల్లో న్యాయం గురించి చదువుతుంటే హాస్టల్లో నాకు నవ్వు కూడా వచ్చేది కాదు.

దసరా సెలవులకు ఇంటికొచ్చాను. ఆయుధపూజకు ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. మావైపు ఎంత తగవున్నా పూజకు ఇరుగుపొరుగును పిలవకుండా ఉండరు, పిలిస్తే పోకుండా ఉండరు. నాయన రానంటే రానన్నాడు. "నేను వాళ్ళ కాడికి పోలే, దేవుడి కాడికి పోతాండా," అని అమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

బాయిలరుకు గంధం, కుంకుమ, బంతిపూల దండలు. దాని ముందు పీటల మీద పాత యజమానీ ఆయన భార్యా కూర్చున్నారు. బోర్డు మీది యజమాని వెనకాల టెంకాయల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. మా ఇంట్లో శుభమైనా అశుభమైనా చేయించే అయ్యవారే పురోహితుడు. పూజకు ముందు, ఫలం ఎవరికి చెందాలో వాళ్ళ గోత్రమూ పేరూ చెప్పి సంకల్పం చేయిస్తారు కదా. అయ్యవారు గట్టిగా చదువుతున్నారు. నేను వినడం లేదు, పీట మీది మనిషిని మింగేసేలా చూస్తున్నాను. ఉన్నట్టుండి అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

బొరుగుల ప్రసాదం కొంగున కట్టుకుని బయటికి వచ్చాక, "గోత్రం ఎవురిది చెప్పినాడో విన్నావా?" అంది.

"ఎవరిదైతే ఏంటమ్మా?"

"పీట మీద కూర్చున్న ఆయప్పదే చెప్పినాడు. ఆయమ్మ పెండ్లయి మొగుడి గోత్రానికి వచ్చె. తమ్ముడిది పుట్టింటి గోత్రం. బావదీ బామ్మర్దిదీ ఒగటే యాడనన్నా అవుతుందా? ఫ్యాక్టరీ తమ్ముడిదైతే తమ్ముడి గోత్రం గదా చెప్పాల!"

అప్పుడర్థమైంది. కోర్టులో అబద్ధమాడడానికి వాళ్ళకు భయం లేదు. సంకల్పంలో గోత్రం తప్పు చెబితే ఆ ఫలం బావమరిదికి పోతుందేమోనని మాత్రం భయం!

సాక్ష్యం చెప్పమంటే అయ్యవారు బిక్కచచ్చిపోయారు. "నాలుగిండ్లు తిరిగి బతికేవాణ్ణప్పా, నన్నెందుకు లాగుతావు?" అన్నారు నాయనతో. మా తాత కర్మలు చేయించిన నోటితో ఆ మాట ఎలా వచ్చిందా అని నాకు కడుపు మండింది. ప్లీడరుగారు కోర్టు నుంచి సమన్లు ఇప్పించారు. ఇక రాక తప్పలేదు.

ముందు బావమరిది బోనెక్కి, పీట మీద కూర్చున్నది తనేనని, చెప్పింది తన గోత్రమేనని తడుముకోకుండా అన్నాడు. తర్వాత అయ్యవారి చేత ప్రమాణం చేయించారు.

"దేవుడి మీద ఒట్టు పెట్టించినారు గాబట్టి చెబుతాను సామీ. 'బోర్డు మీ బావమరిది పేరున ఉండాది గదా, ఎవరి గోత్రం చెప్పేది?' అని పాత యజమానిని నేనే అడిగినాను. 'బోర్డు కోర్టు కోసరం, పూజ మన కోసరం. నా గోత్రమే చెప్పు' అన్నాడు ఆ పెద్దమనిషి."

ఆ ఒక్క మాటతోనే గెలిచామని అనను. ప్లీడరుగారు బ్యాంకు సంతకాల దాకా చాలా తవ్వి తీశారు. కానీ ఆ మాట తర్వాత బావమరిది తల ఎత్తలేదు. తీర్పు కొత్త బోర్డుకూ వర్తిస్తుందని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చేసరికి మళ్ళీ వేసవి వచ్చేసింది. కాయల లారీలు బారులు తీరిన రోజునే అమీనా మేస్త్రీలతో వచ్చి, రాళ్ళూ సిమెంటూ పెట్టి మోరీ మూయించాడు.

మధ్యాహ్నం అసలు యజమానే మా గడప తొక్కాడు. "అక్కా, కాయంతా కుళ్ళిపోతాండాది. గుంత తవ్వేదాకా, ఈ ఒక్క సీజనుకు తెరవనీయండి," అన్నాడు. నాయన మొహంలో జాలి కనిపించి నాకు నాయన మీద కూడా కోపం వచ్చింది.

అమ్మ బావి దగ్గరికి పోయి, చేదతో తోడి, చెంబు నింపి తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇంటికొచ్చినారు. ముందు నీళ్ళు తాగండి."

కంపుకు అతని మొహం పక్కకు తిరిగింది.

"మీ గోత్రం చెప్పుకోనే తాగండి. ఈ చెంబుడు తాగితే మోరీ నేనే తెరిపిస్తా."

అతను చెంబు ముట్టలేదు. లేచి వెళ్ళిపోయాడు.

బావి తేరుకోవడానికి ఇంకో రెండు వానాకాలాలు పట్టింది. నీళ్ళకు మళ్ళీ తీపి వచ్చిన రోజు అమ్మ చెంబు తళతళా తోమి నింపింది. ఆ మొదటి చెంబు మాలో ఎవరినీ తాగనివ్వలేదు. అమీనాను ఒకసారి వచ్చి పొమ్మని చిత్తూరుకు కబురు పంపించింది. ఆయనకు ఎప్పుడో బదిలీ అయిందట, ఏ ఊరి కోర్టులో ఉన్నాడో ఎవరికీ తెలియదన్నారు.