సైరన్ మోగితే గేటుకే

అణుబాంబు పడితే ఏం చేయాలో చెప్పడానికి మొన్న ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లోని మా సెక్టారుకి ఒక వాలంటీరు వచ్చాడు. పక్కనున్న క్యాంప్ 2 బస్తీలో ఉండే తెలుగాయనే. సాయంత్రం సైరన్ వినగానే లైట్లార్పేసి, మంచం కింద దూరి, చెవులు మూసుకోవాలట.

సైరన్ మోగింది. అమ్మ గ్యాస్ కట్టేసి, చెప్పులేసుకుని రోడ్డు మీదకి పరిగెత్తింది. వెనకే నేను. వీధిలో ఆడవాళ్ళంతా అప్పటికే ప్లాంటు గేటు వైపు నడుస్తున్నారు. వేళ కాని వేళ సైరన్ మోగిందంటే లోపల ప్రమాదం జరిగినట్టే. మన మనిషి ఉన్నాడో లేడో గేటు దగ్గరే తెలుస్తుంది. నాన్న రిటైరై ఏళ్ళయింది. అమ్మ కాళ్ళకి ఆ సంగతి ఇంకా తెలీదు.

వాలంటీరు అడ్డం వచ్చాడు. "లోపలికెళ్ళండి ఆంటీ, ఇది ప్రాక్టీసే!"

"దేనికి ప్రాక్టీసు? సావడానికా?" అమ్మ గదిమింది. "ఆ బాంబు పడితే ఊరే ఉండదంట. మంచం కింద ఏటి మిగుల్తాది నాయినా?"

వీధి దీపాలు ఆరిపోయాయి. ప్లాంటు మీద ఆకాశం మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా వెలుగుతోంది. ఫర్నేసుని ఆర్పమనే దమ్ము ఎవరికీ లేదు, చీకట్లో కూర్చోవలసింది మేమే.

నేను ఇంట్లోకెళ్ళి వరండా లైటు వేశాను. బాంబులు పోగేసుకున్నవాళ్ళు, మనవాళ్ళయినా పరాయివాళ్ళయినా, అవి పారేసిన రోజున వచ్చి అడగమనండి. అప్పుడు ఆర్పుతాను.