అమ్మణి ఇంట్లో తొమ్మిది రోజులు

తంగమ్మాళ్ అత్త ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు వెనక గదిలోకి ఒకసారి తొంగిచూస్తుంది. అక్కడ దీపం వెలుగుతూ ఉంటే కాఫీ కూడా ముట్టదు. "ఇప్పుడే తాగొచ్చినాను" అని లేస్తుంది. సింగానల్లూరులో మా వీధివాళ్ళు దాన్ని మలేసియా పోయొచ్చిన పొగరు అంటారు.

పొగరు కాదని నాకు తెలుసు. శుక్రవారం సాయంత్రాలు ఆమె ఫోను పట్టుకునేది నేనే.

అత్త మిల్లులో పనిచేసేది. అమ్మానాన్న పోయాక తమ్ముడు మునిసామిని ఆమే పెంచింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "ముందు వాడు నిలబడనీ" అనేది. అతను మలేసియాలో పామాయిల్ తోట పనికి వెళ్ళాడు. మొదట్లో ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు.

"అక్కా, ఇక్కడ మన తెలుగు మాట్లాడే ఇల్లొకటి దొరికింది. జగన్నాథన్ అన్న ఇల్లు. తాత కాలంలో వచ్చినోళ్ళంట. ఆదివారమైతే తిండి ఆడనే. రసం మాత్రం నీకంటే బాగా పెడతారు."

"అయితే ఆడనే ఉండిపో" అంది అత్త, నవ్వుతూ.

ఆ తరువాత రెండు మూడు వారాలకే ఫోన్లు ఆగిపోయాయి. ఏడాదిన్నర గడిచింది. తాను నవ్వుతూ అన్న ఆ మాటే ఆమెకు పగలూ రాత్రీ వినబడేది.

చివరికి అక్కడ పనిచేసి తిరిగొచ్చిన అవినాశి ఊరి అశోక్‌కుమార్ జగన్నాథన్ ఇంటి నంబరు తెచ్చిచ్చాడు. ఫోన్ ఎత్తింది ఆయన భార్య అమ్మణి. "మునిసామి అక్కవా?" అని రెండుసార్లు అడిగింది. తరువాత, "బయలుదేరి రా తల్లీ. మా ఇంట్లో ఉందువు" అంది. తమ్ముడు బాగున్నాడా అని అత్త అడగలేదు. రమ్మన్నారంటే ఉన్నట్టేనని గట్టిగా అనుకుంది.

మేలూరులో చుట్టాల పెళ్ళికి తప్ప ఊరు దాటని మనిషి విమానం ఎక్కింది.

చెక్క గోడలు, రేకుల కప్పు ఉన్న ఇల్లది. అమ్మణి, జగన్నాథన్ తమ మంచం ఆమెకిచ్చి తాము చాప మీద పడుకున్నారు. పొద్దున్నే వేడినీళ్ళు, మధ్యాహ్నం చేపల పులుసు. కట్టుకోవడానికి కొత్త చీర. కంచం కడగబోతే అమ్మణి లాక్కునేది. అత్త తోటకు ఎప్పుడు వెళ్దామని అడిగితే జగన్నాథన్ ఆమె ముఖం చూసేవాడు కాదు. "ఈ పొద్దు అలసట తీర్చుకోమ్మా, రేపు పోదాం." మర్నాడు వాన అనేవాడు. ఆ మర్నాడు బండి చెడిందనేవాడు. అంత ప్రేమగా పెట్టేవాళ్ళను నిలదీయడం ఆమెకు చేతకాలేదు.

ఒక్క పని మాత్రం చేయనిచ్చారు. వెనక గదిలో పీట మీద తెల్లగుడ్డ కప్పిన మడత బట్టేదో ఉండేది. దాని ముందు గ్లాసుడు నీళ్ళు, ఒక దీపం. మొదటి సాయంత్రం చేతులూరుకోక అత్త దీపంలో నూనె పోసింది.

"ఎవరికి అక్కా ఇది?"

"మా ఇంటి బిడ్డకు" అంది అమ్మణి.

పిల్లలు లేని ఇల్లు. ఎప్పుడో పోయిన బిడ్డ కాబోలు అనుకుని అత్త మళ్ళీ అడగలేదు. రోజూ తానే ఒత్తి ఎగదోసి నూనె పోసింది.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె సంచి భుజాన వేసుకుంది. "మీరు రాకుంటే నేనే దారి అడుక్కుంటూ తోటకు పోతాను. పోయొస్తానక్కా."

అమ్మణి పరుగున వచ్చి ఆమె నోరు చేత్తో మూసింది. "ఆ మాట చెప్పగూడదు తల్లీ."

మా వాళ్ళలో ఆ మాట చెప్పకుండా లేచి వచ్చేది ఒక్క చావింటి నుంచే. అత్తకు ఇంకేమీ విప్పి చెప్పనక్కర్లేదు. ఆమె సంచితోనే వెనక గదిలోకి నడిచి తెల్లగుడ్డ తీసింది. నీలం చొక్కా. రెండో గుండీకి తెల్ల దారం. తమ్ముడు బయలుదేరిన రోజు నీలం దారం దొరక్క తాను హడావుడిగా కుట్టిన గుండీ.

వెనక నుంచి జగన్నాథన్ గొంతు వినబడింది. "మూడు దినాలు జ్వరం. ఈ గదిలోనే. పాస్‌పోర్టు కాగితాలు కంపెనీ దగ్గర ఉండాయి, అవి లేకుండా ఆస్పత్రికి పోతే పోలీసోళ్ళు పట్టుకుంటారని వాడే వద్దన్నాడు. నేనూ భయపడినాను. నీ నంబరు వాడి ఫోన్లో ఉండింది, దాన్ని తెరిచేది మాకు తెలీలేదు. కన్నబిడ్డకు చేసినట్టే అన్నీ చేసినాము."

"ఫోన్లోనే చెప్పుండాల్సింది" అంది అమ్మణి. "నోరు రాలేదు. వచ్చినాక, ఒక్క ముద్ద తిననీ, రేపు చెప్తాం అని..."

"అరవాలని ఉండింది పాపా" అని అత్త ఒకసారి నాతో చెప్పింది. "అరవాలంటే నోట్లో వాళ్ళ అన్నమే ఉండాది. తొమ్మిది దినాలు వాడి ముందరే తిన్నాను. వాడికే నూనె పోసినాను, ఎవరికో అనుకొని."

ఆమె చొక్కా సంచిలో పెట్టుకుంది. మళ్ళీ తీసి పీట మీదే పెట్టింది. ఆడనే ఉండిపో అన్నది తానే కదా. గుడ్డ కప్పి, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగి వచ్చేసింది.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం నేను వీడియో కలుపుతాను. అవతల అమ్మణి పలకరించదు. ఫోను పట్టుకుని నేరుగా వెనక గదిలోకి నడుస్తుంది. తెర మీద దీపం ఒక్కటే కనబడుతుంది. అత్త ముందుకు వంగి చూస్తుంది.

"నూనె తక్కువుండాది అక్కా."

ఒక ముసలి చెయ్యి వచ్చి నూనె పోస్తుంది. మంట కాస్త లేస్తుంది. ఇద్దరూ చూస్తూ ఉంటారు.

పోయొస్తాననీ, ఉంటాననీ అత్త ఎప్పుడూ అనదు. నా వైపు తిరుగుతుంది, అంతే. నేను ఎర్ర గుర్తు నొక్కుతాను.