రాజుగారి వంటవాడికి రాగిణి చేతులు

అది 2018 అక్టోబరు పదమూడు, శనివారం. ఆష్‌బర్న్ ఊరి మీద తెల్లవారుజాము నుంచీ సన్నని తుంపర. తడిసిన మేపుల్ ఆకులు వ్యాను అద్దానికి అంటుకుపోయి ఉన్నా, దులిపే ఓపిక లేక రాగిణి అలాగే బయలుదేరింది.

ఇరవై ఏళ్ళుగా ఆమె షాంటిలీలో అద్దె వంటగది తీసుకుని పెళ్ళిళ్ళకూ, గృహప్రవేశాలకూ వండుతోంది. వ్యాపారానికి కూతురి పేరుతో ‘అదితి కేటరింగ్’ అని పెట్టుకుంది. అందుచేత పెద్దలు ఆమెను ‘అదితిగారూ’ అని పిలిచేవారు. పిల్లలకు ‘పులిహోర ఆంటీ’. సొంత పేరు పలికేవారే లేకపోయారు. మణికట్లు అరిగిపోయాయి, గుండిగలు ఎత్తవద్దని డాక్టరు చెప్పేశాడు. మానేసేలోగా ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే: తన పనికి ఎదురుగా తన పేరు ఒక్కసారి చూసుకోవాలి.

ఆ ఆశ పెట్టింది మాయ. ఆ పిల్ల చిన్ననాటి పుట్టినరోజులకు వండింది రాగిణే. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మాయ ఇప్పుడు సినిమా తీస్తోంది. ఫ్రెంచి రాజుగారి ఆస్థాన వంటవాడి కథ. ముఖం ఒక నటుడిది. లేసు చొక్కా అంచుల్లోంచి కనిపించే చేతులు రాగిణివి. “టైటిల్స్‌లో మీ పేరు వేస్తాను ఆంటీ, ప్రామిస్” అంది.

అద్దెకు తీసుకున్న పాత భవంతిలో ఆ ఉదయమంతా పిండి పిసకడం, ఉల్లిపాయలు తరగడం చక్కగా సాగాయి. మధ్యాహ్నం రుచి చూసే ఘట్టం వచ్చింది. రాగిణి గరిటె ఎత్తి, ఎడమ అరచేతిలో చుక్క వేసుకుని నాలుకకు అద్దుకుంది.

“కట్! అలా కాదు ఆంటీ. స్పూన్ నోట్లో పెట్టుకోవాలి. మళ్ళీ అదే స్పూన్ సాస్‌లో ముంచాలి.”

“అదే స్పూనా?”

“అదే. ఆ వంట మీద అతనికున్న ప్రేమ కనపడాలి కదా.”

మళ్ళీ తీశారు. మళ్ళీ అరచెయ్యే ముందుకొచ్చింది. ఎంగిలి అన్న మాటకు ఇంగ్లీషులో సమానార్థకం దొరకదు. ‘సలైవా’ అంటే వైద్యుడి మాట అవుతుంది. ‘లెఫ్ట్‌ఓవర్’ అంటే ఫ్రిజ్ మాట అవుతుంది. మాట లేనిచోట పట్టింపును వివరించడం ఎంత కష్టమో పాఠాలు చెప్పినవారికి తెలుసు. సరే, కథలోకి వద్దాం.

“రాజుగారు ఊరుకుంటారటమ్మా?” అంది రాగిణి.

“రాజుకి తెలీదు ఆంటీ.”

“వండినదాన్ని, నాకు తెలుసు కదా.”

రాజు వేషంలో ఉన్న ధృవ్ నవ్వాడు. వారమంతా డేటా సెంటర్లో ఉద్యోగం, శనాదివారాలు సింహాసనం. తరువాతి షాట్‌లో ఆ సాస్ తినవలసినవాడు అతనే. “నాకు ఓకే ఆంటీ. మా ఆఫీస్‌లో అందరం ఒకే గిన్నెలో చిప్స్ ముంచుకుని తింటాం.”

“నువ్వు ముందు ఆ విగ్గు సరిచేసుకో, మహారాజా!” అంది రాగిణి.

అందరూ నవ్వారు; మాయ నవ్వలేదు. కిటికీలో వెలుతురు తగ్గుతోంది. “ఆంటీ, ఈ షాట్‌కి వేరే చేతులు పెడితే, మార్నింగ్ తీసినవీ మ్యాచ్ అవ్వవు. అన్నీ తీసేయాలి. మీ పేరు కూడా... సారీ.”

రాగిణి స్పూను నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయింది. చెయ్యి గిన్నె దాకా వెళ్ళి, ఆవిరి మీద ఆగింది. ఒక్కసారి ముంచితే పేరు తనదవుతుంది. చివరకు సింకు దగ్గరికి వెళ్ళి స్పూను కడిగేసింది.

“నా వల్ల కాదమ్మా. ఇంకెవరినైనా చూసుకో.”

మేకప్ చేసే నైనిక లేసు చొక్కా తొడుక్కుంది. రాగిణి తన గిన్నెలు తాను సర్దుకుని, నొప్పికి మణికట్లు పట్టుకుంటూ వ్యానెక్కింది. ఆ శీతకాలమే వంటగది ఖాళీ చేసి, కాలిఫోర్నియాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆరేళ్ళ తరువాత, సినిమాను మళ్ళీ విడుదల చేస్తూ, ‘కృతజ్ఞతల్లో మీ పేరు వేయమంటారా?’ అని మాయ అడిగింది. దానికి రాగిణి రాసిన జవాబు ఇది:

‘డబ్లిన్, కాలిఫోర్నియా, 2024 నవంబరు 9.

చిరంజీవి మాయకు ఆశీస్సులు. సినిమా చూశాను. నైనిక చెయ్యి అందంగా ఉంది, ఉల్లిపాయలే లావుగా తరిగింది. నా పేరు వద్దమ్మా. నేను చేయని పనికి పేరు పెట్టుకుంటే ఒంటికి పట్టదు. అడిగావు, అదే చాలు. ఈసారి రాజుగారి విందు తీస్తే, బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉంటే కబురు చెయ్యి. కూర్చుని తినే వేషం ఏదైనా వేస్తాను. నిలబడే ఓపిక అయిపోయింది.

ఇట్లు,
రాగిణి.’