ప్రభువు నిద్రించిన చోటు

గుండుగొలను సెంటర్లో యేసమ్మ ఇడ్లీబండి దగ్గర పేపరు రెండుసార్లు చదవాలి. అది ఆవిడ పెట్టిన రూలు. ఆవిడకి చదువు రాదు. చదువుకున్నవాళ్ళ మీద నమ్మకం అసలే లేదు. అందుకని ముందు నేను చదివేవాణ్ణి, తర్వాత అదే వార్త భాస్కరరావుగారు చదవాలి. మా ఇద్దరి మధ్య ఒక్క ముక్క తేడా వచ్చిందంటే గరిటె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని అడిగేది.

"మాస్టారు మూడు గుడ్లన్నారు, మీరు రెండంటున్నారు. ఇంతకీ ఆ కోడి ఎన్ని పెట్టిందండీ?"

భాస్కరరావుగారు వరి రైతు. కోపం రాని మనిషి. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసి, "మూడేనమ్మా, పొరపాటున రెండన్నాను" అనేవారు.

"పొరపాటు మీదో, పేపరుదో, కోడిదో" అని గొణుక్కుంటూ యేసమ్మ ఇడ్లీ పాత్ర మూత తీసేది.

నేను ఉంగుటూరు దగ్గర ఒక స్కూల్లో తెలుగు మాస్టర్ని. ఏడున్నర బస్సు వచ్చేదాకా నా కాలక్షేపమంతా ఆ బండి దగ్గరే. ఎక్కడో వేపచెట్టుకి పాలు కారాయని, ఎవరి పెరట్లోనో రాగిబిందె బయటపడిందని, ఇలాంటి వార్తలు నేను బాగా రుచిగా చదువుతానని నాకో పేరుండేది. యేసమ్మ మాత్రం, "మీరు చదువుతుంటే సగం పేపర్లో ఉంటుంది, సగం మీ నోట్లో ఉంటుందండీ" అనేది. నాకు ఒళ్ళు మండేది. కానీ అలాంటి చట్నీ ఆ రోడ్డు మీద ఇంకెక్కడా దొరకదు.

ఆవిడ అనుమానాలకి అంతు లేదు. మినప్పప్పు కొన్నప్పుడు గుప్పెడు తీసి నీళ్ళలో వేసి, రంగు దిగుతుందేమోనని చూస్తుంది. పాలవాడు వచ్చినప్పుడల్లా పాలలో వేలు ముంచుతుంది. ఎవరింట్లోనైనా భోజనానికి కూచుంటే ముందు, "ఇందులో ఏం కలిపారు?" అని అడుగుతుంది. డ్వాక్రా గ్రూపులో చేరినప్పుడు వేలిముద్ర వేయమంటే వేయనంది. "వేలు ఎవరు పట్టుకున్నా ముద్ర పడిపోద్ది. నాకు సంతకం నేర్పండి" అని పట్టుబట్టింది. పలక కొనుక్కుని ఆర్నెల్లు దిద్దింది. యేసమ్మ అనే ఆ మూడక్షరాలూ తప్ప ఇంకో అక్షరం నేర్చుకోనేలేదు. ఎందుకండీ అంటే, "నాకు కావాల్సింది అదే కదా" అంది.

ఈ అనుమానాలన్నిటికీ మూలం ఒకటుంది. అది ఆవిడే చెప్పింది, వానకి బస్సు రాని ఒక పొద్దున్న.

యేసమ్మది కొల్లేటి ఒడ్డున నత్తలంక. పంతొమ్మిది వందల డెబ్బైలో తల్లి పోయింది. లంక చివర మిట్ట మీద, మా మాటలో చెప్పాలంటే శ్మశానం, వాళ్ళ మాటలో సమాధుల తోట, అక్కడ పెట్టారు. తల్లి చెవుల కమ్మలు యేసమ్మకి వచ్చాయి. అప్పటికి ఆవిడకి కొత్తగా పెళ్ళయింది. మొగుడితో సాగర్ కాలువ పనులకి వెళ్ళిపోతూ, ఆ కమ్మలు అన్న బెంజమిన్ చేతిలో పెట్టింది. "వీటితో అమ్మకి పేరు చెక్కించిన రాయి వేయించన్నయ్యా" అంది. వేయించానని అన్న కబురు పంపాడు. పద్నాలుగేళ్ళు ఆ కాలవా ఈ కాలవా తిరిగి, మొగుణ్ణి అక్కడే మట్టిలో పెట్టి, ఆవిడ ఎనభై నాలుగులో తిరిగొచ్చింది. వచ్చీరాగానే మిట్ట దగ్గరికి పరుగెత్తింది. మిట్ట లేదు. అక్కడ నాలుగు వైపులా గట్లతో చేపల చెరువుంది.

"రాయి వేశానమ్మా. చెరువు తవ్వినప్పుడు పోయింది" అన్నాడు బెంజమిన్.

"రాయెక్కడికి పోద్దన్నయ్యా? ఈదుకుంటూ పోడానికి అదేమైనా చేపా?" అంది యేసమ్మ.

అంతే. ఆ రోజు నుంచి ఆవిడ అన్న గుమ్మం తొక్కలేదు, ఆయన ఇంట్లో మెతుకు ముట్టలేదు. బెంజమిన్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరై తాడేపల్లిగూడెంలో ఉండేవాడు. రెండు నెలలకోసారి బస్సెక్కి బండి దగ్గరికి వచ్చేవాడు. పొడుగ్గా, వంగిపోయి, తెల్ల పంచెతో. రెండిడ్లీలు తిని, అందరిలాగే డబ్బులిచ్చి వెళ్ళిపోయేవాడు. చెల్లెలు తీసుకునేది. చిల్లర కూడా లెక్కగా ఇచ్చేది. ఆయన వెళ్ళాక మాత్రం కడిగిన పళ్ళేలే మళ్ళీ మళ్ళీ కడిగేది.

"మా అమ్మ కమ్మలు వీడు తినేశాడండీ" అంది నాతో ఆ వానలో. "పోనీ, తిన్నానని ఒప్పుకున్నా క్షమించేద్దును. మా అమ్మ మీద పేరు కూడా లేకుండా చేపలు తిరుగుతున్నాయి. అది మర్చిపోలేకపోతున్నా." కళ్ళు తుడుచుకుని, పొగండీ అంది.

ఇలా ఉండగా రెండు వేల ఆరు వేసవి వచ్చింది. కొల్లేట్లో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు పొక్లెయిన్లు పెట్టి కొట్టించారు. నత్తలంక గట్టు కొడుతుంటే మట్టిలోంచి అక్షరాలున్న రాయొకటి బయటపడింది. మండల విలేకరి నా దగ్గరికి వచ్చాడు. సెల్లు ఫోన్లో ఫోటో చూపించి, "మాస్టారూ, ఏంటంటారిది?" అన్నాడు. పైభాగం విరిగిపోయింది, కుడి పక్క పెచ్చు లేచిపోయింది, కింద అంతా బురద. మిగిలిన దాంట్లో ఒక వరసలో "ప్రభువు నం" అని, దాని కింద "నిద్రించె" అని కనిపించింది.

ఒకప్పటి వేంగి రాజధాని పెదవేగి మాకు దగ్గరే. వేంగి రాజుల పేర్లు నాకు నోటికొచ్చు. ఇంకేం కావాలి? "ప్రభువు నం అంటే ప్రభువు నందివర్మ. ఆయన కొల్లేటి విహారానికి వచ్చి ఇక్కడ విడిది చేసి నిద్రించాడు. దాని గుర్తుగా వేసిన శాసనం ఇది" అన్నాను. అక్షరాలు మనం రాసుకునేవాటిలాగే ఉన్నాయే అని విలేకరి కొంచెం నసిగాడు. "పాత శాసనం అరిగిపోతే తర్వాత ఎవరో తిరగరాయించి ఉంటారు" అని దానికీ సర్ది చెప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శనివారం పేపర్లో వచ్చింది. స్థానిక తెలుగు ఉపాధ్యాయుని అభిప్రాయం ప్రకారం, అని నా పేరుతో సహా. ఆ పొద్దున్న బండి దగ్గర నేను రెండు ఊళ్ళకి వినపడేలా చదివాను. తర్వాత రూలు ప్రకారం భాస్కరరావుగారు అందుకున్నారు. ఆయన ఉన్నదున్నట్టు, ముక్క ముక్కా చదివే మనిషి.

"ప్రభువు నం... అనీ, దిగువన నిద్రించె... అనీ అక్షరములు కలవు."

యేసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మళ్ళీ చదవండి."

ఆయన మళ్ళీ చదివారు.

"రాజుగారు నిద్రపోతే దానికి రాయి వేస్తారా అండీ?" అంది నా వైపు తిరిగి. "రాజు రోజూ నిద్రపోతాడు కదా. ఎన్ని రాళ్ళు వేయాలి?"

"అది విడిది..." అన్నాను.

"ఏవండీ మాస్టారూ, మీవాళ్ళు కాలం చేస్తారు. మావాళ్ళు ప్రభువునందు నిద్రిస్తారు. ప్రతి సమాధి రాయి మీదా అదే ఉంటది. ఇంత చదువు చదివారు, ఏ సమాధి పక్కనుంచీ ఎప్పుడూ నడవలేదా?"

భాస్కరరావుగారు పేపరు మడిచి దాని వెనక నవ్వుకున్నారు. యేసమ్మ నవ్వలేదు. పొయ్యిలో నీళ్ళు కుమ్మరించింది. ఇరవై రెండేళ్ళలో ఆ బండి ఆదివారం తప్ప మూత పడటం అదే మొదటిసారి.

"నాతో రండి. తప్పు రాయించింది మీరు కాబట్టి మీరే రావాలి" అంది.

ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. దారంతా ఆవిడ తనలో తాను వాదించుకుంటూనే ఉంది. ఆ తోటలో పది సమాధులుండేవి, ఎవరి రాయైనా కావొచ్చు. లేదూ, తన అనుమానం పోగొట్టడానికి అన్నే ఇప్పుడు కొత్త రాయి చెక్కించి అక్కడ పడేయించి ఉండొచ్చు. "డెబ్బై ఏళ్ళ మనిషి రాయి మోసుకొచ్చి గట్టులో పాతాడంటారా?" అన్నాను విసుగ్గా. "మీరు రాజుని తేగా లేంది, ఆయన రాయి తేలేడా?" అంది.

నత్తలంకలో జనం రాయిని గట్టు మీద నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. బుల్లిరాజు అనే కాపలా మనిషి కర్ర పట్టుకుని పక్కనే కూచున్నాడు. "చెప్పులు విప్పి రండి, రాజుగారి రాయండి" అన్నాడు. నేను తల దించుకుని చెప్పులు విప్పాను.

యేసమ్మ కాలవలోంచి దోసిట్లో నీళ్ళు తెచ్చి రాయి అడుగున బురద కడగడం మొదలుపెట్టింది. నాలుగు దోసిళ్ళు పోశాక చెయ్యి ఒకచోట ఆగింది. చూపుడు వేలితో ఆ గీతల వెంట మెల్లగా, పలక మీద దిద్దినట్టు దిద్దింది. నా వైపు తిరిగింది. మొహంలో భయం కనిపించింది.

"ఇది నా సంతకమండీ. ఇక్కడెందుకుంది? నేను పెట్టలేదు."

నేను వంగి చూశాను. ఆ వరసా, దాని కింద వరసా చదివాను. నోరు తెరవబోయాను.

"మీరు మాట్లాడకండి" అంది వెంటనే. "మీకు అన్నీ చెప్పాను. నా మీద జాలితో ఏదో ఒకటి కలిపేస్తారు. బాబూ బుల్లిరాజూ, నువ్వు చదువుకున్నావా?"

"ఏడో తరగతండీ."

"నేనెవరో నీకు తెలీదు కదా? ఇది చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు."

బుల్లిరాజు గొంతుక్కూచుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. "కు...మా...ర్తె. కుమార్తె యేసమ్మ. త...న. తన క...మ్మ...ల...తో. కమ్మలతో వే...యిం...చి...న...ది." తల పైకెత్తాడు. "కుమార్తె యేసమ్మ తన కమ్మలతో వేయించినది. కమ్మలేంటండీ ఇందులో? రాజుగారి కూతురా ఈవిడ?"

యేసమ్మ రాయిని రెండు చేతులా పట్టుకుని దాని మీద నుదురు ఆనించింది. బంతిపూలు ఆవిడ జుట్టుకి అంటుకున్నాయి. పెద్దగా ఏడ్చింది. చుట్టూ చేరిన జనం రాజుగారి కోసం ఇంత ఏడుపెందుకో తెలీక నిలబడిపోయారు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. చాలాసేపటికి లేచి, పసుపంటిన నుదురు కొంగుతో తుడుచుకుంటూ, "బతికుండగా మా అమ్మకి ఎవరూ చెప్పులు విప్పలేదు బాబూ" అంది బుల్లిరాజుతో. "ఆ దండ ఉండనీ."

ఇంటికి వెళ్ళలేదు. ఆ బురద కాళ్ళతోనే తాడేపల్లిగూడెం బస్సెక్కింది. నన్నూ ఎక్కించుకుంది, మధ్యలో దిగనివ్వలేదు. తాను చెప్తే అన్న నమ్మడేమో అంది. ఇరవై రెండేళ్ళు నమ్మకపోయింది తానేనని గుర్తు చేయాలనిపించి, మానుకున్నాను.

బెంజమిన్ ముందుగదిలో నులకమంచంలో కూచుని ఉన్నాడు. చెల్లెల్ని గుమ్మంలో చూసి లేవబోయి, లేవలేకపోయాడు.

"రాయుందన్నయ్యా" అంది యేసమ్మ. "నా పేరుంది. నీ పేరు లేదేంటి? అమ్మ నీకు అమ్మ కాదా?"

"కమ్మలు నీయే కదమ్మా" అన్నాడాయన.

"నా పేరు వేయించావని ఇన్నేళ్ళు ఒక్కసారైనా చెప్పొచ్చు కదా!"

"రాయుందంటేనే నమ్మలేదు. దాని మీద రాతుందంటే నమ్ముతావా?" అన్నాడు. "రెండు నెలలకోసారి ఇడ్లీ తినడానికి వచ్చానా తల్లీ, నేను? నాకు షుగరమ్మా. ఇడ్లీ కూడా తినకూడదన్నారు."

యేసమ్మ కుండలో నీళ్ళు ముంచి వాకిట్లో కాళ్ళు కడుక్కుంది. లోపలికి వెళ్ళి అన్న పక్కన నేల మీద కూచుంది. ఆయన కోడలు పెర్సిస్ కంగారుగా కంచం పెట్టి, అన్నం వడ్డించి, కూర వేసింది.

యేసమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అందులో ఏం కలిపారని అడగలేదు.