దొరసానమ్మ పాత స్వెట్టర్

మొన్న మా మనవరాలు ఫోనులో చూసి అల్లిక నేర్చుకుంటానని పసుపుపచ్చ ఉన్ని దారం తెప్పించుకుంది. కట్టగా వచ్చిన దారాన్ని ముందు ఉండ చుట్టాలట. "అమ్మమ్మా, కాసేపు చేతులిట్టా పట్టుకో" అని చూపించబోయింది. అది చూపించేలోపే నా చేతులు రెండూ ఎదురెదురుగా లేచి, ఎంత ఎడం ఉండాలో సరిగ్గా అంత ఎడంలో ఆగాయి. బొటనవేళ్ళు కూడా వాటంతట అవే నిలబడ్డాయి. "నీకెట్టా తెలుసు?" అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. ఈ ఎండల్లోనే పుట్టి పెరిగి నరసరావుపేటలో ముసలిదైన మనిషికి ఉన్నితో ఏం పని పడి ఉంటుందని దాని అనుమానం. ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ దారం నా చేతుల మీంచి జారిపోతున్నంతసేపూ నేను మాచర్లలో ఉన్నాను.

ఆ రోజుల్లో రైలు పట్టాలు మాచర్లతో అయిపోయేవి. గుంటూరు నుంచి వచ్చిన బండి అక్కడ ఆగి, ఇంజను అటు మార్చుకుని వచ్చిన దారినే వెనక్కి పోయేది. నర్సు శిక్షణ పూర్తిచేసుకుని, మొదటి ఉద్యోగానికి ట్రంకుపెట్టెతో ఆ స్టేషన్లో దిగినప్పుడు, ఇక ఇక్కడినుంచి ముందుకు పోవడానికి ఏమీ లేదు కాబోలు అనిపించింది. మాది ఎడ్లపాడు పక్క ఊరు. నల్లరేగడి చేలల్లో పెరిగినదాన్ని. మాచర్లలో ఎటు చూసినా నాపరాయే. ఇళ్ళకు నాపరాళ్ళు, ప్రహరీలకు నాపరాళ్ళు, చేలగట్ల మీద కూడా పలకలు వరసగా నిలబెట్టి ఉండేవి. సాగర్ డ్యాము కడుతున్న కాలం కాబట్టి సిమెంటు లారీలు పగలంతా దుమ్ము లేపుతూ తిరిగేవి. ఊరి చివర వేపచెట్ల మధ్య మిషన్ ఆస్పత్రి. పేరుకి ఆస్పత్రే గానీ పట్టుమని పాతిక మంచాలు లేవు. ఒక డాక్టరుగారు, మేం నలుగురైదుగురు నర్సులం, మా అందరి మీదా దొరసానమ్మ.

ఆవిడది మంచు కురిసే దేశం. స్వాతంత్ర్యానికి ముందే ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆవిడ అసలు పేరు మా నోళ్ళలో తిరిగేది కాదు, అందుకని ఊరంతటికీ దొరసానమ్మే. సన్నగా పొడుగ్గా, ఎండకి కమిలి ఇటుక రంగుకి తిరిగిన మొహంతో, ఎప్పుడూ చన్నీళ్ళలో జాడించిన తెల్లగౌనులో ఉండేది. తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు ఆవిడది. నొప్పులు పడుతున్న ఆడమనిషి తల నిమురుతూ "భయపడకుము, నేను నీకు తోడైయున్నాను" అనేది. పల్లెటూరి ఆడవాళ్ళు ఆ మాటకు నొప్పి మర్చిపోయి నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "ఏంది సిస్టరమ్మా, ఈమెకి దేవత గాని పూనుద్దా?" అని అడిగింది కూడా. దొరసానమ్మకు ఆ సంగతి చెబితే, ఆ రోజల్లా తలుచుకుని నవ్వింది. ఆవిడ నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు కాబట్టి బాగా గుర్తు.

నేను చేరేనాటికి ఆవిడ ఒంటరిది. అంతకుముందు బంగళాలో ఇద్దరు దొరసానులు ఉండేవాళ్ళట. పెద్దావిడ జబ్బుచేసి క్రిస్మస్ కాగానే స్వదేశం వెళ్ళిపోయింది. అంత పెద్ద బంగళాలో ఒక్కతీ ఉండలేక కాబోలు, వెనకవైపు గది నాకిచ్చింది. ఆవిడ దినచర్య గోడ గడియారంకంటే నమ్మకమైనది. పాలు లేని టీ, ఆస్పత్రి, మధ్యాహ్నం కిరసనాయిలు డబ్బాలో కాల్చిన రొట్టె, మళ్ళీ ఆస్పత్రి, సాయంకాలం వరండాలో పేము కుర్చీ. "ఈమెకి వండేకంటే పిచ్చుకలకి నూకలెయ్యటం నయం, అవన్నా గోల చేస్తయ్యి" అని వంటాయన నా దగ్గర వాపోయేవాడు. ఆ పేము కుర్చీలో కూర్చున్నాక ఆవిడ ఒళ్ళో రెండు పొడుగాటి సూదులు, ఒక ఉన్ని ఉండ. చీకటి పడేదాకా అల్లుతూనే ఉండేది. పల్నాడులో ఉన్ని ఎవరికి? మేకల కాపర్ల గొంగళ్ళు తప్ప ఆ ఊళ్ళో ఉన్ని చూసినవాళ్ళు లేరు. ప్రహరీ అవతల నడిచిపోయేవాళ్ళు ఆగి మరీ చూసి, పాపం ఎండ దెబ్బ అనుకుంటూ పోయేవాళ్ళు.

శివరాత్రి వెళ్ళింది. కోటప్పకొండ తిరనాళ్ళకు పోయిన బళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోశారు. గాలి ఇటు తిరిగిందంటే బంగళా అంతా ఘాటు. ఆవిడ అల్లుతూ అల్లుతూ కళ్ళు తుడుచుకునేది. "మిరపకాయలు" అనేది నావైపు చూసి. గాలి లేని సాయంకాలాల్లో కూడా అదే మాట అనేది.

కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. ఆవిడ అల్లుతున్నది ఎప్పటికీ పూర్తికావడం లేదు. తెల్లటి మేజోడు ఒకటి మడమదాకా వచ్చేది. మర్నాడు చూస్తే మళ్ళీ మొదట్లో ఉండేది. ఆగలేక అడిగాను, "ఎందుకండీ అల్లి మళ్ళీ విప్పేస్తారు?" అని.

"నూలు ఇంతే యున్నది" అంది ఒళ్ళోని ఉండ చూపించి. "ఇది అయిపోయినయెడల సాయంకాలము మిగిలిపోవును."

అప్పుడు చెప్పింది. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళమ్మ ఓడలో ఉన్ని పార్సెలు పంపేది. ఆ ఏడు పార్సెలు రాలేదు. వాళ్ళమ్మ చనిపోయింది. ఆ కబురు ఇక్కడికి చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, అక్కడ మిగిలింది ఒక తమ్ముడు. తిరిగి వచ్చేయదలిస్తే ఎండాకాలం ఓడకు టికెట్టు కొంటామని వాళ్ళ మిషన్ సంఘంవాళ్ళు రాశారట. ఈస్టరులోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇదంతా ఎవరో పేషెంటు సంగతి చెప్పినట్టు చెప్పి, మేజోడు చివర దారం పట్టుకుని లాగింది. అది వరస తర్వాత వరస ఊడిపోతూ వచ్చింది. ఇరవై రెండేళ్ళదాన్ని, ఎవరినీ పోగొట్టుకోనిదాన్ని, ఏం చెప్పగలను?

ఫాల్గుణం చివర్లో కారంపూడి అవతలి పల్లెనుంచి ఒక అమ్మాయిని గూడుబండిలో తెచ్చారు. నెలలు నిండకుండానే నొప్పులు. కవలలు పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరూ దోసిట్లో పట్టేంత. అమ్మాయికి తోడుగా వాళ్ళత్త వచ్చింది. గట్టి మనిషి, ముక్కుకి పెద్ద బేసరి, మాట కొడవలి. పగలు ఎండ మండుతున్నా ఆ నాపరాళ్ళ గదులు తెల్లవారేసరికి చల్లబడిపోయేవి. అంతంత బిడ్డలకు ఆ చలి చాలు. వేడినీళ్ళ సీసాలు గుడ్డల్లో చుట్టి పక్కన పెట్టాం. దొరసానమ్మ ఆ సాయంకాలం మేజోడు విప్పి, ఉన్న తెల్లదారమంతా పెట్టి రెండు బుల్లి టోపీలు అల్లింది. ఆవిడ ఒక పని మొదలుపెట్టి ముగించడం నేను చూడటం అదే మొదలు. తనే తీసుకెళ్ళి బిడ్డల తలలకు తొడిగి, "ఇవి తీయకూడదు" అని మెల్లగా చెప్పి వచ్చింది. అత్తగారు తలూపింది.

మూడోనాడు పొద్దున్న చిన్నపిల్ల పోయింది. టోపీ ఉంటే బతికేదా అంటే చెప్పలేం, అది అంత బలహీనంగా పుట్టింది. కానీ మేం వెళ్ళేసరికి ఆ రెండు టోపీలూ కిటికీ గట్టు మీద నీటుగా మడతపెట్టి ఉన్నాయి. దొరసానమ్మ వాటివంక చూసింది. పోయిన బిడ్డను తనే శుభ్రంచేసి తెల్లగుడ్డలో చుట్టి తండ్రి చేతికిచ్చింది. ఆ సాయంకాలం వరండాలోకి రాలేదు. మర్నాడూ రాలేదు. సూదులు కుర్చీలో పడి ఉన్నాయి. రొట్టె ముట్టుకోవడం లేదని వంటాయన వచ్చి చెప్పాడు. "ఎల్లిపోద్దేమోనమ్మా ఈమె" అన్నాడు గొంతు తగ్గించి. నాకూ అదే భయం.

నేను తిన్నగా ఆ అత్తగారి దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె బతికిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఈగలు తోలుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"టోపీలు ఎందుకు తీశావు పెద్దమ్మా?" అన్నాను.

"తియ్యక? పురుడన్నా ఎల్లకముందే పసిగుడ్డుకి కొత్తయి ఎట్టా తొడుగుతారమ్మా? మీ ఇళ్ళల్లో తొడుగుతారా? పాతగుడ్డే గదా ఏసేది! ఆ తల్లి మంచి మనసుతో ఇచ్చింది, కాదనలేక తీసి దాచిపెట్టా. పురుడు ఎల్లాక వాడదామనుకున్నా. ఇంతలో ఒకటి నన్ను ఒదిలేసి పోయింది." కొంగుతో మొహం కప్పుకుంది.

నిజమే. మా ఇంట్లోనూ అంతే. చర్చికి పోయే ఇల్లయినా పురిటిబిడ్డకు మా తాత పాత పంచె చింపే వేసేవాళ్ళు. ఉన్ని టోపీ కూడా గుడ్డ కిందికే వస్తుందని మాకెవరికీ తట్టలేదు. బంగళాకి పోయి, తలుపు కొట్టి, దొరసానమ్మకు ఆ మాట చెప్పాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. "పాతది" అంది. లేచి, మంచం కిందనుంచి పెట్టె లాగి, కలరా ఉండల వాసన మధ్యనుంచి ఒక స్వెట్టర్ తీసింది. ముదురు నీలం. మోచేతుల దగ్గర వేరే దారంతో అతుకులు. ఓడెక్కే రోజున వాళ్ళమ్మ అల్లి తొడిగిందట. ఎండాకాలంలో మిగతా దొరలతో కొడైకెనాలు కొండకు పోయినప్పుడు, ఏటా ఆ నెలరోజులే అది ఆవిడ ఒంటిమీద ఉండేది.

"నీ చేతులు ఇటు చాపుము" అంది.

అప్పుడు నేర్చుకున్నాను చేతులు ఎంత ఎడం పెట్టాలో. స్వెట్టర్ చెయ్యి దగ్గర కుట్టు కత్తిరించి దారం కొన లాగగానే, ఏళ్ళ తరబడి ముడుచుకుని ఉన్న ఉన్ని వంకులు వంకులుగా వచ్చి నా చేతుల చుట్టూ చేరడం మొదలుపెట్టింది. నాకు భయమేసింది. "దీన్నెందుకండీ, బజార్లో ఏదైనా పాత రగ్గు చూద్దాం" అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. ఎడమచెయ్యి మొత్తం విప్పేసింది. ఆ పూటే టోపీ అయింది.

వార్డులోకి తనే పట్టుకెళ్ళింది. నేను వెనకే ఉన్నాను.

"ఇది పాతది" అంది టోపీ చూపించి.

అత్తగారు చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వేళ్ళతో నలిపి చూసింది. "ఎవురిది?"

"నా తల్లి అల్లినది. ఆమె మృతిపొందెను."

చనిపోయిన మనిషి వస్తువని ఎందుకు చెప్పింది, ఇప్పుడిక ముట్టుకోదు అనుకున్నాను. అత్తగారు తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది.

"ఎన్నేళ్ళు బతికింది మీయమ్మ?"

"ఎనుబది దాటెను."

"ఎనభై దాటిందా! ఆఖర్న మంచాన పడిందా?"

"లేదు. తోటలో పని చేయుచుండగా పోయెను."

"ఇంకేం మరి. అట్టాంటి మనిషిది దొరకాలంటే ఊరంతా ఎతకాల్సొస్తది. ఆ ఆయుస్సే నా బిడ్డకొస్తది, ఇటు తే" అని టోపీ తొడిగి, చెవులమీదికి లాగింది. తర్వాత దొరసానమ్మ చెయ్యి పట్టుకుని మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు దగ్గర లేవా మీయమ్మ పోయినప్పుడు?"

లేనని తల అడ్డంగా ఊపింది. ఇక్కడ ఆవిడను ఆ మాట అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. "అయ్యో నా తల్లే, చానా అన్నేయం" అంటూ ఆ పల్లెటూరి మనిషి, నిన్నగాక మొన్న మనవరాల్ని పోగొట్టుకున్న మనిషి, దొరసానమ్మ తలను భుజానికి ఆనించుకుంది. దొరసానమ్మ ఏడ్చింది. మిరపకాయలు అనలేదు.

ఆ బిడ్డ బతికింది. పురుడు వెళ్ళాక బండెక్కుతూ, టోపీని కుంకుడురసంతో ఉతికి అత్తగారు తిరిగిచ్చింది. "ఇంకా పాతబడిందిగా, ఇంకో బిడ్డకి పనికొస్తది" అంది. ఎట్లా పాకిందో గాని, ఎనభై ఏళ్ళు బతికిన దొరసాని తల్లి టోపీ అంటే ఊళ్ళల్లో పేరొచ్చింది. చైత్రం ఎండల్లో, బొద్దుగా పుట్టి గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లాడికి కూడా టోపీ కావాలని పట్టుబట్టేవాళ్ళు. చెమటకాయలు లేస్తాయి, ఇది బరువు తక్కువ బిడ్డలకేనని చెప్పలేక మాకు గొంతులు పోయేవి. సాయంకాలాలు మళ్ళీ వరండాలో సూదుల చప్పుడు. స్వెట్టర్‌కి కుడిచెయ్యి పోయింది, మెడ పోయింది, ఈస్టరుకి వారం ముందు మట్టల ఆదివారానికి వీపు సగమయింది. విప్పేటప్పుడు చేతులు చాపేది నేనే. కొన్నిసార్లు మధ్యలో ఆగి, అతుకు వేసిన దారం ఏ ఊళ్ళో ఏ శీతాకాలంలో కొన్నదో చెప్పేది. ఒంటరితనం పోయిందని అననుగాని, దానికి చేతినిండా పని దొరికింది.

ఈస్టరు ఆరాధన అయ్యాక, ఓడ సంగతి ఏం చేశారని అడిగాను. "కొండకు పోవుటకే నాకు స్వెట్టర్ లేదు, ఇక నా దేశమునకు ఎట్లు పోవుదును?" అంది. హాస్యానికి అన్నదో నిజంగా అన్నదో తెలియలేదు. ఆ ఎండాకాలం దొరలందరూ కొడైకెనాలు వెళితే, ఆవిడ తడిగుడ్డ తల మీద కప్పుకుని మాచర్లలోనే ఉంది. ఇంకో ఐదారేళ్ళు ఉంది. ఈలోగా నాకు పెళ్ళై నరసరావుపేట వచ్చేశాను. వయసు అయిపోయిందని వాళ్ళ సంఘమే ఆవిడను పిలిపించుకుందని విన్నాను. వెళ్ళేటప్పుడు స్టేషన్‌కి చంటిబిడ్డల తల్లులు చాలామంది వచ్చారని వంటాయన చెప్పాడు. అక్కడ ఎన్నాళ్ళు బతికిందో, ఎవరు దగ్గర ఉన్నారో నాకు తెలియదు.

ఆ వసంతంలో ఆవిడకు యాభై నాలుగేళ్ళు. ఎంత ముసలావిడో అనుకునేదాన్ని. మా పెద్దమ్మాయికి ఇప్పుడు అంతకంటే ఎక్కువే. అంత పెద్ద బంగళాలో ఒక్కతీ కూర్చున్న ఆ మనిషిని తలుచుకుంటే, ఈమధ్య నాకు దొరసానమ్మ అని నోటికి రావడం లేదు, అమ్మాయ్ అని పిలవాలనిపిస్తోంది. కాలం చేసే పని ఇదే కాబోలు. మనం పెద్దవాళ్ళనుకున్నవాళ్ళు ఉన్నచోటే ఉండిపోతారు, మనమే నడిచి నడిచి వాళ్ళను దాటి చాలా దూరం వచ్చేస్తాం.