మామిడి టెంకల పోస్టరుతో చంద్రగిరి మీదుగా తిరుపతికి

కిందటేడాది ఒక సదస్సులో వేదిక ఎక్కి, మొదటి స్లైడు దగ్గరే నోరెండిపోయి, థాంక్యూ అని చెప్పి దిగిపోయాను. చిత్తూరులో డిగ్రీ కాలేజీ పిల్లల ముందు గంటల తరబడి వాగుతాను గానీ, నా పరిశోధన గురించి పెద్దల ముందు చెప్పాలంటే గొంతు పెగలదు. ఈసారి తిరుపతి సదస్సులో పోస్టరుకు చోటు దొరికింది. దాని పక్కన నిలబడి న్యాయనిర్ణేతలకు వివరించాలి. ఇక్కడా తేలిపోతే సదస్సుల జోలికి మళ్లీ పోకూడదని గట్టిగా అనుకున్నాను. అందుకే ముందు చంద్రగిరిలో దిగి మెర్సీని కలవాలనిపించింది.

మెర్సీ, నేను తిరుపతిలో ఎమ్మెస్సీ కలిసి చదివాం. ఇప్పుడు తను చంద్రగిరిలో స్కూల్ టీచరు. తెల్లవారకముందే చిత్తూరులో బస్సెక్కాను. టికెట్టు వంద రూపాయల చుట్టుపక్కలే, ప్రయాణం గంటన్నర లోపే. కిటికీ పక్కన కూర్చుంటే మా హాస్టల్ వరండా గుర్తొచ్చింది. అప్పట్లో పోస్టరంటే చార్టు, స్కెచ్ పెన్నులు, మైదా జిగురు. గుండ్రటి బొమ్మ గీయాలంటే అన్నం తినే కంచం బోర్లించేవాళ్లం. గీతలు నావి, గుండ్రటి అక్షరాలు మెర్సీవి, మాట్లాడటమూ మెర్సీదే. ఆ రోజులు ఎంత బాగుండేవో! మా వేళ్లకంటిన ఎర్ర సిరా వారం దాకా పోయేది కాదు.

బస్టాండులో నన్ను చూడగానే మెర్సీ వాటేసుకుంది. వీధి చివర వేడి ఇడ్లీ తిని, స్కూలు టైముకు ముందే కోట గోడ పక్కకు నడిచాం. చదువుకునే రోజుల్లో సెలవురోజు తిరుపతి నుంచి వచ్చి మేం రిహార్సల్సు చేసుకున్నది అక్కడే. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టగానే మెర్సీ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ కాగితం సంచిలో పెట్టు మే. ఏం చేసినావో నాకి చెప్పు, అంతే."

"గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లు మామిడి టెంకలు గుట్టలు గుట్టలుగా పారేస్తారు కదా. వాటి లోపలి జీడిని ఎండబెట్టి, నానబెట్టి, వగరు పోగొట్టి ఆవుల దాణాలో కలిపి చూశాను" అన్నాను.

"సూడు, ఎంత బాగా చెప్పినావో! ఇదే చెప్పు ఆడ."

తన ముందు చెప్పడం తేలికే. నా భయమంతా తను లేని చోటే.

పోస్టరు ఫైలు ముందురోజే మెర్సీకి వాట్సాప్‌లో పంపాను, తను దాన్ని ఊళ్లోని ఫ్లెక్సు షాపులో ఇచ్చింది. అక్కడికెళ్లి విప్పి చూశాం. గ్రాఫులూ పట్టికలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అడుగున మాత్రం పూలదండ అంచుతో, చేతులు జోడించి నవ్వుతున్న మెర్సీ ఫోటో, పక్కన పెద్దక్షరాలతో "శుభాకాంక్షలతో, మీ మెర్సీ టీచర్, చంద్రగిరి" అని ఉంది.

"ఏందన్నా ఇది?" అంది మెర్సీ.

షాపు యజమాని నొచ్చుకున్నాడు. "కింద బోసిగా ఉండాది మేడమ్. శుభాకాంక్షలు లేకుండా మా షాపులో ఒక్క ఫ్లెక్సూ బయటికి పోలా. మీ వాట్సాప్ ఫోటోనే తీసి ఏసినాను."

మళ్లీ వేయిద్దామంటే కరెంటు పోయింది. "తెల్లకాగితం అంటించెయ్ మే, పరువు పోతాది" అని మెర్సీ నా చేతిలో టేపు పెట్టి స్కూలుకు పరుగెత్తింది.

నేను తిరుపతికి ఆటో మాట్లాడుకున్నాను. చుట్టిన ఫ్లెక్సు చూసి డ్రైవరు, "ఏ పార్టీదక్కా?" అన్నాడు. మామిడి టెంకలదని చెబితే, "వాటిక్కూడా ఎలక్షన్లుండాయా!" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పోస్టర్ల హాల్లో నా వంతు వచ్చింది. కాగితం, టేపు చేతిలోనే ఉన్నాయి. పక్క పోస్టరు వాళ్లు నా ఫ్లెక్సు చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. అంటిద్దామని వంగి, ఆ నవ్వుతున్న ముఖం చూసి ఆగిపోయాను. ఎందుకు దాచాలి? టేపు సంచిలో పడేశాను. న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని ఫోటో వైపు వేలు చూపించింది. "ఎవరమ్మా ఈమె?"

"నాకు మాట్లాడటం నేర్పిన మనిషండీ" అన్నాను. ఆపైన టెంకలు, వగరు, ఆవులు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. వాళ్లు ప్రశ్నలడిగారు, జవాబులు చెప్పాను. తెలియనిదాన్ని తెలియదనే చెప్పాను.

వాళ్లు ముందుకు కదిలాక చూస్తే, స్తంభం వెనకనుంచి మెర్సీ వస్తోంది.

"ఎప్పుడొచ్చినావే?"

"పర్మిషన్ పెట్టి, నువ్వు మొదలుపెట్టకముందే వచ్చినా. కనపడితే నా వైపే సూస్తావని దాక్కున్నా" అంది. "ఇంక నీకి నాతో పని లేదు పో."

నవ్వాల్సిన మాటే, నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

బహుమతి ఎవరికో వచ్చింది. తిరుగు బస్సులో దాని గురించి ఆలోచించనేలేదు. ఒకే చార్టు మీద ఇద్దరం వంగి రాసుకున్న రోజులు మళ్లీ రావు, ఆ బెంగ ఉండనే ఉంది. కానీ ఆ రోజుల్లో తను నాకిచ్చినది ఇన్నాళ్లూ నాలోనే ఉందని తిరుపతిలో తెలిసింది. మీరూ సదస్సుకు వెళ్తుంటే ఒక్క సలహా: పోస్టరును ముందురోజే ప్రింటు చేయించి, షాపులోనే విప్పి కిందిదాకా చూసుకోండి. మీకూ ఒక మెర్సీ ఉంటే మాత్రం, ఆ పేరు షాపువాడికి వదిలేయకుండా మీరే రాసివ్వండి.